పన్నెండు తెల్ల పావురాలు

వెయ్యకమ్మా, గింజలు వెయ్యకు. నిన్న ఫోన్లో అడిగావు కదా, "అమ్మమ్మా, మా బాల్కనీలో పావురం గుడ్లు పెట్టింది, పాపం బియ్యం వెయ్యనా?" అని. నేను చెప్పేలోపే సిగ్నల్ పోయింది. గుడ్లు పెట్టేసింది కాబట్టి ఈసారికి ఆ పిల్లలు ఎగిరిపోయేదాకా ఊరుకోండి. ఎగిరాక ఆ మూలంతా నీళ్ళు చల్లి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, తడిగా ఉండగానే కడిగించండి. పొడిగా ఉన్నప్పుడు చీపురు మాత్రం పెట్టొద్దు. తమ్ముణ్ణి అటు పోనివ్వకు.

ఇంత చిన్నదానికి అంత హడావుడేంటని మీ అమ్మ నవ్వుతుంది. నవ్వనీ. ఏజెన్సీలో నర్సుగా నా సర్వీసంతా గడిచింది. పాము కాట్లు, చలిజ్వరాలు, వాగు దాటలేక ఒడ్డునే జరిగిపోయిన కాన్పులు, ఎన్నో చూశాను. వాటిలో ఒక్కటి కూడా మీరెప్పుడూ అడగలేదు. చివరికి అడిగింది పావురం గురించి! భలే అడిగారు. నన్ను ముసలితనంలో మేడ మెట్లమీద పరుగులు పెట్టించిన కేసు అదే మరి. ఇప్పుడు తలుచుకున్నా కుర్చీలో కుదురుగా కూర్చోలేను.

రిటైరయ్యే ముందు నా ఆఖరి పోస్టింగు అరకు లోయలో, గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో. పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. వాళ్ళ జ్వరాలూ, గజ్జీ, రక్తం లేకపోవడం చూసుకోవడం నా పని. అందరూ నన్ను "సిస్టరమ్మా" అనేవారు. నేను చేరేనాటికి అన్నీ రేకుల షెడ్లే. ఏడాది తిరక్కుండా మూడంతస్తుల హాస్టలు లేచింది. చుట్టుపక్కల అంత ఎత్తు కట్టడం లేదప్పుడు. ప్రతి కిటికీ పైనా సిమెంటు సన్‌షేడు, ప్రతి అంతస్తుకీ పొడవాటి వరండా. పిల్లలు దాన్ని "సిమెంటు కొండ" అనేవారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ప్రారంభోత్సవానికి పెద్దవాళ్ళు వస్తున్నారు. మా హెడ్‌మిస్ట్రెస్ గారికి పట్నం పద్ధతులంటే ఇష్టం. "సిస్టర్, మందులు తేవడానికి విశాఖపట్నం వెళ్తున్నారు కదా, వచ్చేటప్పుడు శాంతి కపోతాలు పట్టుకురండి. తెల్లవి. పన్నెండు" అన్నారు. గాజుగుడ్డ, అయొడిన్, మాత్రలు రాసుకున్న చీటీ కిందే పావురాలు కూడా రాసుకున్నాను.

పాత పట్నంలో పిట్టలమ్మే సందు ఒకటుండేది. లుంగీ కట్టుకున్న ఒకాయన బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు.

"ఏటమ్మా, పెళ్ళికా? ఓపెనింగుకా?"

"ఓపెనింగుకి బాబూ. అరకులో."

ఆయన పకపకా నవ్వాడు. "అయితే ఆదివారానికల్లా మళ్ళీ నా గూట్లోనే ఉంటాయి. ఎక్కడొదిలినా నా కాడికే ఒచ్చేత్తాయి. ఈ పిట్టల్నే ఎన్నిసార్లు అమ్మీసినానో నాకే గేపకం నేదు!"

"అన్ని కొండలున్నాయి కదా, దారి తెలుస్తుందా?"

"దానికి తెలవక, నీకు తెలుత్తాదేటి?"

నాకు ఎంత నచ్చిందో ఆ మాట! పాపం పిట్టలు ఒక రోజు అరకు చూసొస్తాయి, అంతే కదా అనుకున్నాను. కోళ్ళ బుట్టలో పెట్టించుకుని పాసింజరు ఎక్కాను. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా కేకలు. నా బుట్ట మాత్రం గప్‌చుప్. వెలుగు రాగానే మళ్ళీ గుర్రు గుర్రు. పక్కనున్న ముసలామె "కోడి పెట్టలా అప్పా?" అనడిగింది. "కాదమ్మా, టూరిస్టులు" అన్నాను.

ఓపెనింగు రోజు వచ్చిన పెద్దాయన చేతిలో ఒక పావురం పెట్టాం. ఎగిరే ముందు ఆయన తెల్ల చొక్కా చేతిమీద తన ప్రారంభోత్సవం తను చేసేసింది. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వు ఆపుకోలేక ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. పన్నెండూ లేచాయి. పచ్చటి కొండ ముందు తెల్లగా మెరుస్తూ మేడ చుట్టూ మూడు చుట్లు తిరిగి, తూర్పు కొండ మీదుగా దాటిపోయాయి. నేనూ చప్పట్లు కొట్టాను. ఇంటికి పోయాయి అనుకున్నాను.

తర్వాత ఏడాదో ఏడాదిన్నరో గడిచాక, ఒక పొద్దున్న మూడో అంతస్తు సన్‌షేడు మీద గుర్రు గుర్రు వినబడింది. చూస్తే బూడిదరంగు పావురాలు. మెడ దగ్గర ఆకుపచ్చ, వంగపండు రంగు నిగనిగలు. ఒకటి రెంటికి రెక్కలో తెల్ల ఈకలు.

"ఎక్కడివే ఇవి?" అని మా వంటామెను అడిగాను.

"టేసన్ పిట్టలు సిస్టరమ్మా. గూడ్సు బండెక్కి ఒచ్చినాయంట" అంది.

నేనూ సరే అనుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉంది కదా.

ఏం పిట్టలు నాన్నా అవి! మన కొండ పిట్టలు మనిషి కనబడితే తుర్రుమంటాయి, ఇవి కాళ్ళ కిందికొచ్చి మెతుకులు ఏరుకుంటాయి. రెండు పుల్లలూ ఒక తీగముక్కా వేసి గూడంటాయి. మిగతా ఇల్లంతా వాటి రెట్టతోనే కట్టుకుంటాయి. ఒక జత పిల్లలు ఎగరకముందే మళ్ళీ గుడ్లు. కంచాలు కడిగే చోట పారేసిన అన్నమే వాటికి మూడు పూటలా మెస్సు. రెండేళ్ళలో మేడంతా వాటిదే. మా పిల్లలు మాత్రం వాటితో సంబరంగా ఉండేవాళ్ళు. నేనూ ఏమీ అనలేదు.

ఇక అసలు మనిషి దగ్గరికి వస్తాను. పదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. పెదబయలు అవతల, బస్సు దిగి చాలా దూరం నడవాల్సిన ఊరు. ఆ ఊరి నుంచి పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల అదే. పరుగుపందెంలో పక్క బడి మగపిల్లలు కూడా దాని వెనకే. ఎవరూ చెప్పకుండానే తెల్లవారగానే మూడో అంతస్తు వరండా, సన్‌షేడ్లూ శుభ్రంగా ఊడ్చేది. ఆగస్టు పదిహేనున పరిశుభ్రత బహుమతి ఎవరికివ్వాలని హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగితే నేనే దాని పేరు చెప్పాను. స్టీలు టిఫిను బాక్సు నా చేతులతోనే ఇచ్చాను. అదేం తెలివో నాది!

అప్పటికే అది దగ్గుతోంది. వానాకాలం దగ్గనుకున్నాను. తర్వాత సాయంత్రం పూట జ్వరం. తర్వాత ఆ పరుగులపిల్ల ఒక అంతస్తు ఎక్కి గోడకి ఆనుకుని నిలబడడం చూశాను. కళ్ళె పరీక్ష చేయించాం, టీబీ కనబడలేదు. రెండోసారి చేయించాం, లేదు. ఎక్స్‌రేలో మాత్రం ఊపిరితిత్తుల్లో పొగమంచులా ఏదో ఉంది. ఎందుకైనా మంచిదని టీబీ మందులే మొదలుపెడదామన్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారు ఇంటికి పంపించెయ్యమన్నారు. "మిగతా పిల్లలున్నారు కదా సిస్టర్" అన్నారు. ఆవిడ తప్పేం లేదు.

ఇంతలో దసరా సెలవులు. తండ్రి వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు.

"గుంటని తీసుకుపోతన్నాను సిస్టరమ్మా. మళ్ళీ తెత్తానో నేదో సెప్పలేను."

"పదో తరగతయ్యా. ఇంకొన్ని నెలలే."

"ఊపిరుంటే కదా సదువు."

జబ్బని ఇంటికి పంపిన ఆడపిల్ల మళ్ళీ బడికి రావడం నా సర్వీసులో నేను పెద్దగా చూడలేదు.

కానీ ఇది వచ్చింది! సెలవులయ్యాక తండ్రి కంటే ముందు గేట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. బుగ్గలు నిండాయి. స్టెత్ పెట్టి వింటే గుండె, ఊపిరి గడియారంలా ఉన్నాయి. టీబీ మాత్రలు ఇంకా మొదలే పెట్టలేదు.

"ఏం మందు తిన్నావే?"

"ఏటీ నేదు సిస్టర్. అంబలి తాగినాను, కొండెక్కినాను."

అందరూ సంతోషించారు. మూడో రోజు దగ్గింది. ఐదో రోజు జ్వరం. తోటి పిల్లలు "పరీక్షలంటే బయ్యం, దొంగ దగ్గు" అన్నారు. వంటామె "ఊరి దేవతకి మొక్కు మర్సిపోయుంటారు" అంది. నేను మాత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. ఇంటి దగ్గర బాగుంది, ఇక్కడ బాగులేదు. ఇంటి దగ్గర పొయ్యి పొగుంది, చలుంది, నేలమీద పడకుంది. అయినా బాగుంది! అంటే జబ్బు పిల్లలో లేదు. ఇక్కడ ఎక్కడో ఉంది. దాన్ని పట్టుకోవాలి, అంతే!

మర్నాడు మిగతా పనులన్నీ పక్కనపెట్టి తెల్లవారినప్పట్నించీ దాని వెనకాలే తిరిగాను. అది తాగిన నీళ్ళు నేను తాగాను, అది తోముకున్న పళ్ళపొడి వాసన చూశాను. "ఏటి సిస్టర్, నా ఎనకాల సీఐడీలాగ" అని నవ్వి, దగ్గి, చీపురు పట్టుకుని మూడో అంతస్తుకి పోయింది. నేనూ ఎక్కాను. అప్పుడే ఎండ వరండాలోకి ఏటవాలుగా పడుతోంది. అది ఊడవడం మొదలెట్టింది.

ఎండలో తెల్లటి దుమ్ము లేచింది. లేచి, గాలిలో నిలబడిపోయింది. పిల్ల నడుం దాకా కనబడడం లేదు. ఎండిపోయిన పావురాల రెట్ట! అదంతా కుప్ప చేసి, రెండు చేతులతో ఎత్తి ఒక ఎరువుల బస్తాలో వేసింది. బస్తా ఈడ్చుకుంటూ గదిలోకి పోయింది. వెనకే పోయాను. తన మంచం కింద, తలగడ వైపుకి తోసింది. బస్తా మూతి తెరిచే ఉంది.

"ఏంటే అది?"

"ఎరువు సిస్టర్."

"ఎవరికి?"

"మా అయ్యకి. దసరాకి ఒక బస్తా అట్టుకెల్లాను. మిరియం తీగెల మొదట్లో ఏసినాం." దాని కళ్ళు మెరిశాయి. "మా కాడ పిట్ట రెట్ట అడివంతా సెదిరిపోతాది, ఏరలేం. ఇక్కడ ఒక్క కాడే కుప్పలు! వీళ్ళెవరికీ దాని ఇలవ తెల్దు సిస్టర్."

"మూతి ఎందుకు కట్టలేదు?"

"కట్టీత్తే సెమ్మెక్కి పాడైపోద్ది. గాలాడాల."

గాలాడాలట! ఆ గాలే రాత్రంతా దాని ముక్కు పక్కన. సెలవులకి బస్తా ఇంటికెళ్ళింది, పొలంలో మట్టిలో కలిసింది, పిల్ల బాగుపడింది. తిరిగొచ్చి కొత్త బస్తా మొదలెట్టింది, మళ్ళీ పడింది. నేను ఆ మంచం మీదే కూలబడి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. మన మైదానం పిల్ల అయితే "ఛీ" అని నీళ్ళతో కడిగేసేది, ఏ జబ్బూ వచ్చేది కాదు. భూమి ఆకలి తెలిసిన ఇంటి పిల్ల కాబట్టి దాచుకుంది. నేనేమో దానికి శుభ్రత బహుమతి ఇచ్చాను.

బస్తా మీద నీళ్ళు కుమ్మరించి, పిల్లని షేర్ ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి పరుగు. అప్పుడే కొత్తగా చేరిన డాక్టరమ్మ, చిన్నపిల్ల, నేను చెప్పేది వింటూ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"పావురాలు పెంచేవాళ్ళకి ఊపిరితిత్తుల్లో ఇలా వస్తుందని చదివాను సిస్టర్! ఆ దుమ్ము కొందరి ఒంటికి పడదు. కానీ అరకులో పావురాలేంటి?"

"ఉన్నాయమ్మా" అన్నాను. ఎలా వచ్చాయని అడిగేలోపే ఎక్స్‌రే తీసి ఆమె ముందు పెట్టాను.

పట్నం పెద్దాసుపత్రిలో స్కానింగు చేసి, అదేనన్నారు. కొద్దిరోజులకి మాత్రలిచ్చి, ఆ గాలికి దూరంగా ఉంచడమే అసలు మందన్నారు. డాక్టరమ్మ కాగితం మీద స్పష్టంగా రాసింది: మేడమీద పావురాలున్నంతకాలం ఈ పిల్ల అక్కడ ఉండకూడదు. తండ్రి వచ్చాడు. కాగితం చదివి వినిపించాను.

"అంటే పిట్ట పోతే గుంట వత్తాది. పిట్ట ఉంటే గుంట రాదు. అంతే కదా?"

"అంతే."

"పోయినాక కబురెట్టు" అని తీసుకుపోయాడు.

హెడ్‌మిస్ట్రెస్ గారు కేలండరు చూపించారు. "నెలాఖరుకి పబ్లిక్ పరీక్షలకి కూర్చునే పిల్లల పేర్లు పంపాలి సిస్టర్. ఆ సాయంత్రానికి పిల్ల బళ్ళో ఉంటే పేరు రాస్తాను. లేకపోతే నేనేం చెయ్యలేను." మూడు వారాలుంది.

నేను గొంతు తగ్గించి, "మేడమ్, ఇవి మనం తెచ్చినవే కదా?" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకున్నారు. "ఊరుకోండి. అవి తెల్లవి. ఇవి బూడిదరంగువి."

ఇక యుద్ధం మొదలైంది! వంటామె తండ్రి హుకుంపేట వైపు ఊళ్ళో ఉండేవాడు. పిట్టలు పట్టడంలో ఆ కొండల్లో ఆయన్ని మించినవాడు లేడు. పనస పాలు, ఇంకేవో చెట్ల పాలు కలిపి కాచిన బంక ఒక వెదురు గొట్టంలో తెచ్చాడు. దాన్ని పుల్లలకి పూసి కొమ్మల్లో పెడితే, వాలిన పిట్ట కాళ్ళు అంటుకుపోతాయి.

"పొద్దెక్కేలోపల బుట్ట నింపీకపోతే నా పేరు మార్సీయండి" అని, బడి చుట్టూ ఉన్న సిల్వరోక్ చెట్లన్నిటికీ పుల్లలు పెట్టాడు. మేమందరం భోజనాల హాలు కిటికీల వెనక ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

రెండు పికిలిపిట్టలు పడ్డాయి. ఒక పిచ్చుక పడింది. అటుగా వచ్చిన హెడ్‌మిస్ట్రెస్ గారి పమిట కొంగు పడింది. పావురం ఒక్కటీ పడలేదు. అన్నీ సన్‌షేడు మీద వరసగా కూర్చుని, మెడలు వంకరగా పెట్టి మమ్మల్నే చూస్తున్నాయి.

తాత తలమీద చెయ్యి పెట్టుకుని కూలబడ్డాడు. "పిట్టన్నాక సెట్టు మీద వాలకపోవడమేటి? పుట్టి బుద్దెరిగినకాడ్నించి సూడనేదు."

"నీ పేరు ఏటని మార్సమంతావు అయ్యా?" అని వంటామె లోపల్నించి అరిచింది.

"నోరు ముయ్యే!" అన్నాడు. పికిలిపిట్టల కాళ్ళకీ రెక్కలకీ ఆముదం రాసి, ఒక్కో ఈకా తుడిచి వదిలేసరికి ఆయనకి పొద్దుపోయింది.

రెండో ఎత్తు నాది. సాయంత్రం మసక పడ్డాక పావురాలు మొద్దులా కూర్చుంటాయి. పెద్ద పిల్లలు దుప్పట్లు వేసి పట్టేశారు. ఏం గోల, ఏం రెక్కల చప్పుడు! అందరికీ మాస్కులు కట్టాననుకోండి. ఒక అల్లరిపిల్ల ఒకదాని కాలికి తన జడ ఎర్ర దారం కట్టింది. మర్నాడు పొద్దున్నే బుట్టలన్నీ జీపులో ఎక్కించుకుని హుకుంపేట దాటి, ఒక కొండ మలుపులో వదిలేశాం. చకచకా లేచాయి. నేను చెయ్యి ఊపాను కూడా. తిరిగొస్తూ హుకుంపేటలో టీ తాగాం, పకోడీ తిన్నాం.

గేటు దగ్గర వంటామె నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"మీకన్నా ముందే ఒచ్చీసినాయి సిస్టరమ్మా. అయ్యి టీ తాగడానికి ఆగనట్టున్నాయి."

తలెత్తి చూశాను. సన్‌షేడు చివర ఒకటి అటూ ఇటూ నడుస్తోంది. కాలికి ఎర్ర దారం.

పిల్లలంతా పడీపడీ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. నాకు ఆ బకెట్టు మీద కూర్చున్నాయన గొంతు వినబడింది, 'ఎక్కడొదిలినా నా కాడికే ఒచ్చేత్తాయి' అని. మరి నా పన్నెండు? ఆ ప్రశ్న నన్ను వదలకుండా పట్టుకుంది ఆ నిమిషం నుంచే.

అప్పటికి రెండు వారాలు పోయాయి. తాత మాత్రం ఇంటికి పోలేదు. పరువు సమస్య. ఒక రోజంతా ఆటస్థలంలో వెల్లకిలా పడుకుని మేడని చూస్తూనే ఉన్నాడు. ఎవరైనా పలకరిస్తే "ష్!" అన్నాడు. సాయంత్రం లేచి, వీపు దులుపుకుని నా దగ్గరికొచ్చాడు.

"సిస్టరమ్మా, ఇది సెట్టు పిట్ట కాదు. బండ పిట్ట. కొండ సరియల్లో అరుగు మీద బతికే జాతి. మీరేటి సేసినారు? కొండలాంటి మేడ కట్టినారు, దానికి అరుగులెట్టినారు, రోజూ అన్నం ఏసినారు. అన్నీ సేసి, రాకే రాకే అంతే ఎలగ?"

పిల్లలు సిమెంటు కొండ అని ఎందుకన్నారో నాకప్పుడు తెలిసింది.

"మరేం చేద్దాం తాతా?"

"అరుగు తీసీ."

"సిమెంటు అరుగు ఎలా తీస్తాం?"

"అరుగుని సరియ సేసీ" అని అరచెయ్యి ఏటవాలుగా పెట్టి చూపించాడు. "దాని కాలు నిలవకూడదు. బేగి ఎదురుబొంగులు తెప్పించు."

ఆదివారం నాడు వాళ్ళ ఊరి నుంచి మనుషులు వెదురు మోసుకొచ్చారు. నేను ముందు మేడంతా నీళ్ళతో తడిపించి, మాస్కులు పెట్టించి రెట్టంతా తీయించాను. గుడ్లూ పిల్లలూ ఉన్న గూళ్ళని తాత తట్టల్లో పెట్టి పాడుబడ్డ పంపు షెడ్డులోకి మార్చాడు. కొన్నిటికి తల్లులు వచ్చాయి, కొన్నిటికి రాలేదు. ఆ సంగతి మీ దగ్గర దాచను. తర్వాత బొంగుల్ని నిలువునా చీల్చి, నున్నటి వీపు పైకి వచ్చేలా సన్‌షేడ్ల మీద ఏటవాలుగా పరిచి తీగలతో బిగించారు. మూడంతస్తులూ! వంటామె మిగిలిన అన్నానికి మూత డబ్బా పెట్టి, పందులు పెంచేవాళ్ళకి ఇవ్వడం మొదలెట్టింది.

సాయంత్రం మంద తిరిగొచ్చింది. అందరం ఆటస్థలంలో నిలబడ్డాం. మొదటిది వాలింది. జర్రున జారింది! రెక్కలు కొట్టుకుని మళ్ళీ ఎక్కింది, మళ్ళీ జారింది. రెండోది దాని మీద పడింది. ఎర్ర దారంది అయితే రెండు కాళ్ళూ చాపి పిల్లలు జారుడుబల్ల మీద జారినట్టే జారింది. అన్ని గొంతులూ ఒక్కసారి ఈలలు వేశాయి. హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా "అద్దీ!" అని చప్పట్లు కొట్టి, ఎవరైనా చూశారేమోనని చేతులు వెనక్కి పెట్టుకున్నారు. తాత మాత్రం బీడీ వెలిగించి, "ఇప్పుడు నా పేరు నాకిచ్చీయండి" అన్నాడు.

మూడు రోజులు పంతం పట్టాయి. నాలుగో పొద్దున మేడ మీద చప్పుడు లేదు. రోడ్డు పక్కన టూరిస్టుల కోసం కొత్తగా లేచిన లాడ్జి మీదికి మకాం మార్చాయి. వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారులే అనుకున్నాను. అదీ నాకు అలవాటైన పనే.

ఆ పిల్ల ఊళ్ళో ఒక్క బండ మీద ఎక్కితేనే ఫోను పలుకుతుంది. ఎక్కినవాళ్ళకి కబురు చెప్పాను. తండ్రి నమ్మలేదు. మర్నాడు తనే వచ్చి, మేడ చుట్టూ తలెత్తుకుని రెండుసార్లు తిరిగి, వచ్చిన బస్సుకే వెళ్ళిపోయాడు. ఆ మర్నాడే నెలాఖరు.

పేర్ల కాగితం హెడ్‌మిస్ట్రెస్ గారి బల్ల మీద ఉంది. పెన్ను మూత తీసి పెట్టారు. మధ్యాహ్నం బస్సు వచ్చింది, అందులో లేరు. నేను గేటుకీ ఆఫీసుకీ తిరుగుతున్నాను.

"సిస్టర్, కూర్చోండి. మీకు బీపీ ఉంది" అన్నారావిడ.

"ఉంటే ఉంది మేడమ్. ఆ చివర ఒక గీత ఖాళీ ఉంచండి."

నాలుగు దాటింది. వరండాలో టపటపా అడుగుల చప్పుడు. మెట్లమీద ఆగలేదు, గోడకి ఆనుకోలేదు. గుమ్మంలోకి వచ్చి పడి, ఊపిరి కూడా తీసుకోకుండా అరిచింది.

"ప్రెజెంట్ మేడమ్!"

ఆవిడ పేరు రాశారు. నేను స్టెత్ తీసి అక్కడే, ఆఫీసులోనే, దాని వీపు మీద పెట్టాను. ఊపిరి ఎంత శుభ్రంగా ఉందనుకున్నారు!

తండ్రి వెనక నిదానంగా వచ్చాడు. నా చేతిలో పచ్చి మిరియాల గుత్తులు ఒక ఆకులో చుట్టి పెట్టాడు. "ఆ ఎరువు తిన్న తీగెవి" అన్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "ఇంకో బస్తా ఏటైనా మిగిలిందేటి సిస్టరమ్మా?" అని అడిగాడు. తడిపి, మూతి కట్టి ఉంచినదంతా ఇచ్చి పంపాను.

ఆ పిల్ల పాసైంది. ఇప్పుడు ఒక బళ్ళో ఆటల టీచరు. ఫోన్ చేసినప్పుడల్లా అది చెప్పేది సగమే వింటాను. మిగతా సగం, మధ్యలో దగ్గు వినబడుతుందేమోనని చెవి పెడతాను.

రిటైరయ్యాక ఒకసారి పాత పట్నం వెళ్ళాను. ఆ సందు వెతికి పట్టుకున్నాను. పిట్టల కొట్టు లేదు, ఆ చోట సెల్‌ఫోన్ల కవర్లమ్ముతున్నారు. పక్కన టీ కొట్టాయన "ఆ ముసలోడా? కూతురు కాడికి ఎల్లిపోనాడు. ఏ ఊరో తెల్దమ్మా" అన్నాడు. వెనక్కి తిరిగాను. ఎదురు మేడ అంచున పావురాలు వరసగా కూర్చుని ఉన్నాయి. వాటిలో తెల్లవి కూడా ఉన్నాయి.

ఆయన చెప్పినట్టు నా పావురాలు తిరిగి ఆయన దగ్గరికే చేరితే, లోయలోకి వచ్చినవి వేరే. గూడ్సు బండెక్కో, కొత్త మేడల్ని చూసో వాటంతట అవే వచ్చినట్టు. చేరకపోతే, ఆ పిల్ల ఊపిరి మీద కూర్చున్నవి నేను ఒళ్ళో పెట్టుకుని, సొరంగాలు దాటించి తెచ్చినవే. ఇది చెప్పగలిగేవాడు ఆయనొక్కడే. అందుకే మీ బాల్కనీలో పావురం అనగానే నా నోటిదాకా వచ్చేది ఆ సందులో అడుగుదామని పోయి అడగలేకపోయిన మాటే.

ఆ ఆదివారం, నా పన్నెండూ నీ గూటికి వచ్చాయా బాబూ?